పెన్సిల్ గీత – సిరా తీర్పు

మీ ఇంట్లో పాత కామిక్ పుస్తకం ఏదైనా ఉంటే తీసి, ఒక భూతద్దం పక్కన పెట్టుకోండి. ముందుగా ఆకాశం, చొక్కా, గోడ వంటి రంగు భాగాలను చూడండి. రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. ఇప్పుడు భూతద్దాన్ని నల్లని గీత మీదికి జరపండి. అది చుక్కలుగా విడిపోదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నలుపే. గీత ఉన్నచోట నలుపు, లేనిచోట కాగితపు తెలుపు. ఆ రెండింటి మధ్య మరేమీ ఉండదు.

కాని ఆ బొమ్మను చిత్రకారుడు మొదట గీసింది పెన్సిల్‌తో. పెన్సిల్ గీతలో నలుపు ఉంటుంది, ముదురు బూడిద రంగు ఉంటుంది, లేత బూడిద ఉంటుంది, కనీకనిపించని నీడ కూడా ఉంటుంది. ఆ బూడిద రంగులన్నీ ఎటు పోయాయి? వాటిలో దేన్ని నలుపుగా మార్చాలో, దేన్ని తెలుపుగా వదిలెయ్యాలో ఎవరు నిర్ణయించారు?

అమెరికా కామిక్ పరిశ్రమలో ఈ పని చేసే మనిషిని 'ఇంకర్' అంటారు. పలక మీద అమ్మ రాసిచ్చిన అక్షరాలను పిల్లలు దిద్దినట్టు, మరొకరు గీసిన గీతల మీద సిరాతో దిద్దేవాడే ఇంకర్ అని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనది? దీనికి జవాబు తెలియాలంటే బొమ్మల గురించే కాక అచ్చు యంత్రం గురించీ, కాంతి గురించీ కొంత తెలుసుకోవాలి.

యంత్రానికి బూడిద రంగు తెలియదు

అచ్చు యంత్రానికి రెండే పనులు తెలుసు: ఒకచోట సిరా అంటించడం, మరొకచోట అంటించకపోవడం. 'సగం నలుపు' అనే సిరా దాని దగ్గర లేదు. నల్ల సిరా తొట్టిలో ఉన్నది నల్ల సిరా మాత్రమే.

కంప్యూటర్లు రాకముందు కామిక్ పేజీని అచ్చుకు సిద్ధం చేసే పద్ధతి ఇలా ఉండేది. అసలు బొమ్మను పెద్ద కెమెరా ముందు బిగించి, 'లిత్ ఫిల్మ్' అనే ప్రత్యేకమైన ఫిల్ము మీద ఫొటో తీసేవారు. మామూలు ఫిల్ము వెలుగునీడల తేడాలను మెట్లుమెట్లుగా చూపిస్తుంది. లిత్ ఫిల్ము అలా కాదు. ఒక హద్దుకు మించి వెలుగు పడితే పూర్తిగా ఒక స్థితికి, తక్కువ పడితే పూర్తిగా రెండో స్థితికి వెళ్తుంది. ఆ ఫిల్ము ద్వారా, కాంతికి గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద వెలుగు పంపేవారు. గీతలున్న చోట పూత గట్టిపడుతుంది. మిగిలిన పూతను కడిగేసి రేకును నత్రికామ్లంలో ఉంచితే, పూత లేని భాగాన్ని ఆమ్లం తినేస్తుంది. గీతలు మాత్రం ఎత్తుగా నిలుస్తాయి. మన ప్రెస్సుల్లో 'లైన్ బ్లాకు' అని పిలిచినది దీన్నే. ఆఫ్‌సెట్ వచ్చాక రేకు మారింది, ఆమ్లపు తొట్టి పోయింది; కాని ఆ ఫిల్ము మాత్రం చాలాకాలం అలాగే కొనసాగింది.

ఇలాంటి ఫిల్ము ముందు పెన్సిల్ బొమ్మ పెడితే ఏమవుతుంది? ఎక్స్‌పోజరు ఎక్కువైతే లేత గీతలు మాయమవుతాయి. తక్కువైతే లేత గీతలతోపాటు వేలిముద్రలు, రబ్బరు మరకలు, కాగితపు గరుకుతనం కూడా నల్లగా దిగుతాయి. హద్దును ఎక్కడ పెట్టినా ఏదో ఒక నష్టం తప్పదు.

మరి పత్రికల్లో ఫొటోలు అచ్చవుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. అవి 'హాఫ్‌టోన్' పద్ధతిలో అచ్చవుతాయి. బొమ్మకూ ఫిల్ముకూ మధ్య సన్నని జాలీ ఉంచితే బూడిద రంగులు చిన్న, పెద్ద చుక్కలుగా మారతాయి. దూరం నుంచి చూసే కన్ను వాటిని కలిపి బూడిద రంగుగా చదువుకుంటుంది. న్యూస్‌ప్రింట్ కాగితం మీద అంగుళానికి సుమారు 65 నుంచి 85 వరుసల జాలీ వాడేవారు. నునుపైన ఆర్టు కాగితం మీద 133, 150 వరుసలు వాడవచ్చు. చవక కాగితం మీద అచ్చయ్యే కామిక్‌కు ఆ ముతక జాలీ వాడితే గీత అంచులు రంపపు పళ్ళలా తేలతాయి, తెల్లని చోట్ల కూడా లేత ముసుగు పడుతుంది, మాటల బుడగల్లోని అక్షరాలు మసకబారతాయి. 1960ల నడుమ 'ఫెంటాస్టిక్ ఫోర్' చిత్రకారుడు జాక్ కిర్బీ కొన్ని పేజీల్లో గీతలకు బదులు ఫొటో ముక్కలను కత్తిరించి అతికించాడు. ఎంతో ఊహతో చేసిన ఆ అతుకుల బొమ్మలు న్యూస్‌ప్రింట్ మీద బురదగా కనిపించడానికి కారణం ఇదే.

అందుకే ప్రచురణకర్తలు గీతనే నమ్ముకున్నారు. పెన్సిల్ బొమ్మను కెమెరా చూడబోయే ముందే ఒక మనిషి కూర్చుని దాన్ని నలుపు, తెలుపులుగా మార్చాలి. ఇంకర్ వృత్తి పుట్టింది కళ కోసం కాదు. అచ్చు యంత్రపు లోపం వల్ల. అయితే లోపం వల్ల పుట్టిన పని లోపంగానే ఉండిపోలేదు.

రెండూ కర్బనమే

ఇక్కడొక తమాషా ఉంది. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైటూ కర్బనమే, డ్రాయింగు సిరాలోని నలుపూ కర్బనమే. మూలకం ఒకటే అయినప్పుడు కెమెరాకు ఇంత తేడా ఎందుకు?

గ్రాఫైటులో కర్బన పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. పొరల మధ్య బంధం బలహీనం కనుక కాగితం మీద రుద్దగానే రేకులుగా ఊడివస్తాయి. ఈ రేకులు నున్నగా ఉండి కొంత కాంతిని అద్దంలా పరావర్తనం చేస్తాయి. పెన్సిల్‌తో నల్లగా రుద్దిన చోటును పక్కకు వంచి చూస్తే వెండిలా మెరవడం మీరు చూసే ఉంటారు. పైగా కాగితం ఉపరితలం ఎగుడుదిగుడు. గ్రాఫైటు ఎత్తుల మీద అంటుతుంది, పల్లాలు తెల్లగా మిగిలిపోతాయి. కనుక భూతద్దం కింద పెన్సిల్ గీత గీతలా ఉండదు, విడివిడి గింజల వరుసలా ఉంటుంది.

సిరాలో ఉండేది మసి. చాలా సన్నని మసి రేణువులు ద్రవంలో తేలుతూ కాగితపు పల్లాలను కూడా నింపుతాయి. నీటికి చెదరని రకాల్లో లక్కను బంధకంగా కలుపుతారు. ఆరిన తరువాత మసి రేణువుల మధ్య చిక్కుకున్న కాంతి బయటికి రావడం కష్టం. పాఠశాలలో మీరు వాడే 'ఇండియన్ ఇంకు' ఇదే. దీపపు మసితో సిరా చేసుకోవడం చైనాలోనూ మన దేశంలోనూ పాత విద్య. సంస్కృతంలో 'మసి' అంటే సిరా అనే అర్థం కూడా ఉంది.

సిరా కాగితం మీదికి చేరే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి ఉక్కు పాళీ. దాని చీలికలో కేశనాళికీయత వల్ల సిరా నిలిచి ఉంటుంది. నొక్కితే రెండు కొనలు విడి గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. రెండోది కుంచె. సైబీరియా ప్రాంతంలో ఉండే వీజిల్ అనే చిన్న మాంసాహార జంతువు తోక వెంట్రుకలతో చేసే కుంచెలకు ఇంకర్లలో మంచి పేరు. ఆ వెంట్రుక మధ్యలో లావుగా, కొనలో సన్నగా ఉంటుంది. అందువల్ల కుంచె పొట్ట చాలా సిరా పట్టుకుంటుంది, మొన మాత్రం సూదిలా నిలుస్తుంది. ఒకే లాగులో వెంట్రుకంత సన్నంగా మొదలై వేలంత లావై మళ్ళీ సన్నబడే గీత కుంచెకు సాధ్యం. పాళీ గీత గట్టిగా, తీగలా ఉంటుంది. కుంచె గీతలో కండ ఉంటుంది. వెలుగు నుంచి నీడకు మారేచోట కుంచెతో ఈకల వరుసలా కొన తేలిన గీతలు వేస్తారు. బూడిద రంగు లేని లోకంలో బూడిద రంగు ఉందని కన్నును నమ్మించే ఉపాయం అది.

ఇంకో చిన్న ఉపాయం కూడా తెలుసుకోండి. చాలామంది ఆర్టిస్టులు మొదటి గీతలను లేత నీలం పెన్సిల్‌తో వేసుకునేవారు. లిత్ ఫిల్ము నీలి కాంతికి బాగా స్పందిస్తుంది, ఎరుపుకు స్పందించదు. కనుక తెల్ల కాగితమూ లేత నీలమూ దాని కంటికి ఒకటే. నీలం గీతలను చెరపకపోయినా అచ్చులో కనిపించవు. ఎర్ర గీత అయితే నల్లగా దిగుతుంది.

ఒక్క హద్దు, వేయి హద్దులు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఫిల్ము చేసే పనీ, ఇంకర్ చేసే పనీ పైకి ఒకటే: బూడిద రంగులను నలుపు, తెలుపులుగా విడదీయడం. కాని ఫిల్ముకు పేజీ మొత్తానికీ ఒకే హద్దు. ఆ హద్దుకు ఇవతల ఉన్నది కంటి కిందటి ముడతా, వేలిముద్రా అన్నది దానికి తెలియదు. ఇంకర్‌కు ప్రతి గీతకూ ఒక హద్దు ఉంటుంది. ముఖం మీద లేతగా ఉన్న ఒక గీత కథకు ప్రాణమని తోస్తే దాన్ని నలుపు చేస్తాడు. దూరపు కొండ మీద ముదురుగా ఉన్న గీత ముందున్న మనిషికి అడ్డం వస్తుందనిపిస్తే దాన్ని సన్నం చేస్తాడు. దగ్గర వస్తువుకు లావు గీత, దూరపు వస్తువుకు సన్న గీత వేస్తే చదునైన కాగితంలో లోతు పుడుతుంది.

ఇంకా ఒక లెక్క అతని మనసులో ఉండాలి. అసలు బొమ్మ అచ్చులో కనిపించే పరిమాణంలో గీయరు. 1967-68 ప్రాంతం నుంచి అమెరికాలో సుమారు 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తున గీసి, అచ్చులో దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గించేవారు; అంతకు ముందు ఇంకా పెద్దగా గీసేవారు. గీత లావూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మరీ సన్నని గీత తెగిపోతుంది. మరీ దగ్గరగా వేసిన గీతల మధ్య న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి, అవి ఒకే నల్లమచ్చగా కలిసిపోతాయి. బల్ల మీద అందంగా కనిపించినదాన్ని కాదు, అచ్చులో మిగిలేదాన్ని గీయాలి.

ఇన్ని నిర్ణయాలున్న పనిని దిద్దడం అనలేం. అది చదవడం. మరి ఒకే పెన్సిల్‌ను వేరువేరు మనుషులు చదివితే ఎంత తేడా వస్తుంది?

ఒక పెన్సిల్, నాలుగు చేతులు

ఈ పరీక్షకు జాక్ కిర్బీ (1917–1994) కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆయన చాలా వేగంగా పెన్సిల్ గీసేవాడు, సిరా పని ఎక్కువగా ఇతరులు చేసేవారు. పెన్సిల్ స్థిరాంకం, ఇంకర్ చలరాశి అనుకోండి.

మొదటివాడు వాలీ ఉడ్. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరింది. 1958 సెప్టెంబరులో 'స్కై మాస్టర్స్' అనే అంతరిక్ష కథ అమెరికా దినపత్రికల్లో మొదలైంది. పెన్సిల్ కిర్బీది, తొలి దశలో సిరా ఉడ్‌ది. ఉడ్ చేతిలో వెలుగు ఒక దిక్కు నుంచే వస్తుంది. లోహపు గొట్టం మీద తెల్లని మెరుపు, దాని పక్కనే కాటుక నలుపు. గాలి లేని చోట కాంతిని చెదరగొట్టేది ఏదీ ఉండదు కనుక నీడలు నిజంగానే కటిక నలుపుగా ఉంటాయి. నలుపు, తెలుపు తప్ప తెలియని అచ్చు పద్ధతి అంతరిక్షానికి అచ్చంగా సరిపోయింది. యంత్రపు పరిమితిని ఉడ్ కథకు బలంగా మార్చాడు.

రెండోవాడు విన్స్ కొలెటా (1923–1991). 1960ల నడుమ నుంచి 'థోర్' కథలకు ఎక్కువగా సిరా వేసింది ఈయనే. కుంచె కంటే పాళీని ఎక్కువగా నమ్ముకుని సన్నని గీతల వలలు అల్లేవాడు. జుట్టు, బొచ్చు, రాయి, పాత కోట గోడ వంటివి ఆ గీతల్లో పురాతన లోహఫలకపు ముద్రల్లా కనిపిస్తాయి. దేవతల కథకు ఆ పాతదనం నప్పింది. ఈ మెచ్చుకోలు ఆయనకు దక్కవలసిందే. అయితే ఆయన మీద గట్టి ఆరోపణ కూడా ఉంది. పని త్వరగా ముగించడానికి కిర్బీ గీసిన వెనక మనుషులను, భవనాలను, యంత్ర భాగాలను రబ్బరుతో చెరిపేసేవాడు. కొన్నిచోట్ల గుంపును ఒట్టి నల్ల నీడగా నింపేసేవాడు. దీని వెనక డబ్బు లెక్క ఉంది. ఇంకర్‌కు కూలి పేజీకి ఇంత అని ఇచ్చేవారు. గడువు దాటబోతున్న పుస్తకాన్ని రాత్రికి రాత్రి పూర్తిచేసే మనిషి సంపాదకులకు అవసరం. కనుక తప్పు కొలెటా ఒక్కడిదే అనలేం. కాని నష్టం మాత్రం నష్టమే. ప్రయోగంలో వచ్చిన సంఖ్యను సవరించి రాయడం వేరు, నచ్చని సంఖ్యను పట్టికలోంచి కొట్టెయ్యడం వేరు. మొదటిది చదువరి గుర్తించగలడు. రెండోదాన్ని ఎవరూ ఎన్నటికీ గుర్తించలేరు.

మూడోవాడు జో సినాట్ (1926–2020). 'ఫెంటాస్టిక్ ఫోర్' 44వ సంచిక (1965) నుంచి కిర్బీ పెన్సిల్‌కు స్థిరంగా సిరా వేశాడు. ఆయన గీత తళతళలాడుతుంది. కిర్బీ అంతరిక్ష శక్తిని చూపడానికి నల్లని చుక్కల గుంపులు వాడేవాడు. అభిమానులు దీన్ని 'కిర్బీ క్రాకిల్' అంటారు. పెన్సిల్‌లో గజిబిజిగా ఉన్న ఆ చుక్కలు సినాట్ చేతిలో నిండు గుండ్రాలయ్యాయి. 1966లో గెలాక్టస్ అనే మహాకాయుడు భూమి మీదికి దిగే సంచికల్లో యంత్రాల బరువు, లోహపు నునుపు ఇప్పటికీ చూడదగినవి. లోపం లేదా అంటే ఉంది. సినాట్ ముఖాలను కొంచెం అందంగా, కొంచెం ఒకే తీరుగా మార్చాడు. కిర్బీ గీతలోని మొరటుదనం, తొందర, కోపం కొంత చల్లబడ్డాయి.

నాలుగోవాడు మైక్ రాయర్. 1970లో కిర్బీ మార్వెల్‌ను వదిలి డి.సి. సంస్థకు వెళ్ళి 'న్యూ గాడ్స్', 'మిస్టర్ మిరాకిల్' వంటి కథలు మొదలుపెట్టాడు. తొలి సంచికలకు సిరా కొలెటాదే. పెన్సిల్‌లో ఉన్నవి అచ్చులో లేకపోవడం కిర్బీ సహాయకుల కంటపడింది. 1971లో అయిదో సంచికల నుంచి రాయర్ వచ్చాడు. అక్షరాలు కూడా తానే రాశాడు. ఆయన సూత్రం ఒక్కటే: కాగితం మీద ఏది ఉంటే అది. చదరపు వేళ్ళు చదరంగానే, మెలికల నీడలు మెలికలుగానే వచ్చాయి. కొందరు పాఠకులకు ఇది కరుకుగా తోచింది. కాని ఆ కరుకుదనం కిర్బీదే.

అదే కాలంలో అదే సంస్థలో జరిగిన మరో సంగతి చూడండి. కిర్బీ గీసిన 'జిమ్మీ ఓల్సెన్' కథల్లో సూపర్‌మాన్ ముఖం సంస్థకు అలవాటైన ముఖంలా లేదని, ఆ ముఖాలను మాత్రం ఆల్ ప్లాస్టినో, తరువాత మర్ఫీ ఆండర్సన్ చేత మళ్ళీ గీయించారు. ఒంటి మీద ఒకరి చేయి, మెడ మీద మరొకరి చేయి! సిరా ఒక్కోసారి ఆర్టిస్టు మాట కాక యజమాని మాట వింటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

సాక్ష్యం ఎక్కడుంది?

ఇక్కడ మీకో సందేహం రావాలి. సిరా ఆరాక కింది పెన్సిల్‌ను చెరిపేస్తారు కదా, మరి ఇంకర్ ఏమి మార్చాడో మనకెలా తెలుసు? మంచి ప్రశ్న. చాలా కామిక్ పేజీల విషయంలో ఎప్పటికీ తెలియదు. కిర్బీ విషయంలో, ముఖ్యంగా 1970ల పని విషయంలో, సిరాకు పంపే ముందు తీసుకున్న పెన్సిల్ పేజీల ఫొటోకాపీలు చాలా మిగిలాయి. 1994లో మొదలైన 'జాక్ కిర్బీ కలెక్టర్' అనే పత్రిక వాటిని వరసగా అచ్చువేసింది. పెన్సిల్ ఒకవైపు, అచ్చు పేజీ మరొకవైపు పెట్టి పోల్చే అవకాశం అప్పుడు పాఠకులకు దొరికింది.

అయినా జాగ్రత్త అవసరం. ఫొటోకాపీ యంత్రం కూడా హద్దు పెట్టి చూసేదే. లేత నీడలను అదీ మింగేస్తుంది. కనుక ఫొటోకాపీలో లేని గీత పెన్సిల్‌లోనూ లేదని తేల్చెయ్యకూడదు. కాపీలో ఉండి అచ్చులో లేని గీత విషయంలో మాత్రం ధైర్యంగా తీర్పు చెప్పవచ్చు. కొలెటా మీద ఆరోపణ నిలబడేది ఇందుకే.

సిరా లేకుండా

పెన్సిల్‌ను నేరుగా అచ్చువేస్తే ఈ గొడవంతా ఉండదు కదా? ఆ ప్రయత్నమూ జరిగింది. జీన్ కోలన్ (1926–2011) పెన్సిల్‌ను పక్కకు వాల్చి పొగలాంటి నీడలు వేసేవాడు. వాటిలో గీత ఎక్కడ ముగిసి నీడ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. 1972 నుంచి 1979 వరకు వెలువడిన 'టూంబ్ ఆఫ్ డ్రాక్యులా'లో చాలా భాగానికి టామ్ పామర్ (1941–2022) సిరా వేశాడు. పాళీ, కుంచె, చుక్కల తెరలు కలిపి ఆ పొగను నలుపు, తెలుపుల్లోకి అనువదించాడు. కిర్బీకి సినాట్ ఎలాగో కోలన్‌కు పామర్ అలాగ.

1984లో డి.సి. సంస్థ కోలన్ గీసిన 'నథానియల్ డస్క్' అనే నాలుగు సంచికల డిటెక్టివ్ కథను సిరా లేకుండా, పెన్సిల్ నుంచే అచ్చువేసింది. 1930ల న్యూయార్క్ వీధుల పొగమంచు, చీకటి గది, తడిసిన కోటు వంటివి పెన్సిల్‌లో ఎంత మెత్తగా ఉంటాయో పాఠకులకు తెలిసింది. కాని మెత్తదనానికి వెల కూడా ఉంది. బూడిద గీత మీద రంగు పడితే రెండూ కలిసి మురికిగా మారతాయి. కొన్ని బొమ్మల్లో ముఖం చుట్టూ ఉన్న గీత తేలిపోయి మనిషి గోడలో కలిసిపోయాడు. కథ చదివే కన్ను బొమ్మ నుంచి బొమ్మకు పరుగెత్తాలి. ఇక్కడ అది ఆగి వెతుక్కోవలసి వచ్చింది.

కంప్యూటర్ ఈ అడ్డంకిని చాలావరకు తొలగించింది. పెన్సిల్ పేజీని స్కాన్ చేసి, ముదురు చేసి, మరకలు తీసి, రంగును వేరే పొరలో వేయవచ్చు. 2001-02లో మార్వెల్ ప్రచురించిన 'ఆరిజిన్' కథలో ఆండీ క్యూబర్ట్ పెన్సిల్ మీద రిషార్ ఇసనోవ్ నేరుగా కంప్యూటర్ రంగులు వేశాడు. ఇంకర్ లేడు. ఆ పేజీలు అందంగా ఉన్నాయి, అచ్చులో ఏమీ మాయం కాలేదు. అయితే కాస్త నిదానంగా చూడండి. నల్లమచ్చ ఎక్కడ పడాలి, కన్ను ముందు ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలు పోలేదు. ఇంకర్ బల్ల మీద నుంచి రంగులు వేసేవాడి తెర మీదికి మారాయి. యంత్రపు లోపం తీరినా నిర్ణయం అవసరం తీరలేదు. ఎవరో ఒకరు ఆ నిర్ణయం తీసుకోకపోతే పేజీ అంతా ఒకే మసక స్వరంతో మాట్లాడుతుంది.

మన పత్రికల బొమ్మల్లో ఈ విభజన అంతగా లేదు. చందమామలో విక్రమార్కుణ్ణీ బేతాళుణ్ణీ మనకు చూపించిన శంకర్ (1924–2020), తన గీతకే పేరు తెచ్చిన బాపు (1933–2014) తమ సిరా తామే వేసుకున్నవారు. కనుక వారి బొమ్మల్లో పెన్సిల్ మాట, సిరా మాట అని విడదీసి చూడలేం. పని పంచుకున్న పరిశ్రమలో మాత్రం విడదీసి చూడకపోతే ఎవరికో అన్యాయం జరుగుతుంది.

మీరే తీర్పు చెప్పండి

ఇంతకీ నాలుగు చేతుల్లో ఏది మేలు? ఈ వ్యాసం అభిప్రాయం ఇది. కిర్బీ ఎలా గీశాడో తెలుసుకోవాలంటే రాయర్‌ను చూడాలి. కిర్బీ కథ ఎంత గొప్పగా అచ్చులో నిలవగలదో తెలుసుకోవాలంటే సినాట్‌ను చూడాలి. యంత్రపు పరిమితినే అందంగా మార్చడం నేర్చుకోవాలంటే ఉడ్‌ను చూడాలి. కొలెటా పేజీల్లో మెచ్చవలసిన గీతలు ఉన్నాయి. కాని చెరిపేసిన గీతలను మెచ్చుకునే మార్గం లేదు. ఇంకర్ గీతను లావు చేయవచ్చు, సన్నం చేయవచ్చు, చివరకు అందంగా కూడా చేయవచ్చు. చూసిన దాన్ని చూడనట్టు చేయడం మాత్రం ఆ వృత్తి ధర్మం కాదు.

దీన్ని మీ చేతులతో పరీక్షించండి. ఒక ముఖాన్ని పెన్సిల్‌తో నీడలతో సహా గీయండి. ఫోనులో కాగితాలు స్కాన్ చేసే సదుపాయంతో దాన్ని ఒట్టి నలుపు-తెలుపుగా మార్చి చూడండి. ఏది మాయమైంది, ఏ మరక గీతగా మారింది రాసుకోండి. తరువాత అదే బొమ్మ మీద పలచని కాగితం పరచి ఇండియన్ ఇంకుతో మీరే గీయండి. మీ స్నేహితుడి చేత కూడా గీయించండి. మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. ఫోను పెట్టిన ఒకే హద్దు, మీ హద్దులు, మీ స్నేహితుడి హద్దులు మూడూ కళ్ళకు కడతాయి.

మరోసారి కామిక్ పుస్తకం తెరిచినప్పుడు మొదటి పేజీలో పేర్లు చదవండి. 1960ల మార్వెల్ పుస్తకాలు రచయిత పేరు, పెన్సిల్ వేసినవారి పేరుతోపాటు సిరా వేసినవారి పేరునూ, అక్షరాలు రాసినవారి పేరునూ ఇచ్చేవి. వాటిలో పెన్సిల్ పేరు పక్కనే ఉన్న రెండో పేరును దాటిపోకండి. మీరు చూస్తున్న నల్లని గీతల్లో ప్రతి ఒక్కటీ ఆ మనిషి 'ఇది ఉండాలి' అని తీసుకున్న నిర్ణయం.